వాజిలిన్ పూసిన ఫోటో

మా ఆయన పోయినప్పుడు శవపేటిక తల దగ్గర పెట్టడానికి ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటీ లేదు. ఎవరి పెళ్ళిలోనో దిగిన గుంపు ఫోటోలోంచి తలకాయ మట్టుకు కత్తిరించి పెద్దది చేయించారు. భుజం మీద పక్కవాడి చెయ్యి అలాగే ఉండిపోయింది. మొహమేమో మాడిన అట్టులా మచ్చలు మచ్చలుగా వచ్చింది. మా చర్చిలో పెట్టె దగ్గర పెట్టిన ఫోటోయే తరవాత ఇంట్లో గోడకెక్కుతుంది. మా మనవరాలికి తాతంటే ఆ మచ్చలే. నా గతి అలా కాకూడదని, బతికుండగానే, ముడతలతో సహా నా మొహం తీయించి ఉంచాలనుకున్నాను.

స్టూడియోకి డబ్బు తగలెయ్యడం దేనికి, మనవరాలు ఫోటోలు నేర్చుకుంటోంది కదా అని దాన్ని అడిగాను. అక్కడే పొరపాటు చేశాను.

ఇక్కడ బర్మాలో, మింగళ తౌంగ్‌న్యున్‌లో మా ఇంటికి రైలుపట్టాల వైపు కిటికీ ఉంది. పొద్దున వెలుతురు బాగుంటుంది. ఇక్కడి ఆడవాళ్ళలా బుగ్గలకు పూసుకునే తనకా గంధం కడుక్కుని, చర్చికి కట్టే తెల్లచీర కట్టి కూర్చున్నాను. చూద్దును కదా, మనవరాలు నా వాజిలిన్ డబ్బాలో వేలు పెట్టి, కెమెరా ముందు బిగించిన గాజుబిళ్ళకు పూస్తోంది.

"ఏటే అది? కాలి పగుళ్ళకి దాసుకున్నాను. నీ కెమెరాకి పగుళ్ళొచ్చినాయేటి?"

"ఉండమ్మమ్మా, కదలకు. నూరేళ్ళ కిందట ఇలగే తీసీవోరు. ఆర్ట్ ఇది."

అంతటితో ఆగిందా! జిగురూ రంగూ ఏదో మందూ కలిపి కాగితానికి పట్టించి, ఎండ చూపించి, బ్రష్షుతో దిద్ది, నా బియ్యం కడిగే బేసిన్‌లో కడిగింది. ఆ మందు విషమట, బేసిన్ ఇక వంటకు పనికిరాదట. కడిగాక చెప్పింది.

ఇంత చేసి నా చేతిలో పెట్టినదాన్ని చూస్తే, గోధుమరంగు పొగమంచు. మంచు పట్టిన పొద్దున పడవలోంచి నది అవతలి దలా ఒడ్డు ఎలా అలుక్కుపోయి కనిపిస్తుందో అలా, మధ్యలో తెల్లగా ఏదో ఉంది.

"ఎవులే ఇది?"

"నువ్వే."

"నా కళ్ళేవి?"

"కళ్ళు కనపడక్కర్లేదమ్మమ్మా. ఫీల్ అవ్వాల."

అప్పుడు విడమరిచి చెప్పింది. ఆ రోజుల్లో బొమ్మలు గీసేవాళ్ళు, మిషను తీసేదానికి కళ అని పేరెందుకని ఫోటోలవాళ్ళను వెక్కిరించారట. ఆ మాట పడలేక వీళ్ళు సంఘాలు పెట్టుకుని, ఫోటోను గీసిన బొమ్మలా కనిపించేట్టు మసక చేసి, బ్రష్షుతో చెరిపి, పెద్దమనుషులనిపించుకున్నారట.

నేను చదివింది మూడో తరగతే. కానీ చూపు ఆనినన్నాళ్ళూ కుట్టుమిషను తొక్కినదాన్ని. మిషనుతో కుట్టింది చేత్తో కుట్టానని ఏనాడూ ఎవరికీ చెప్పలేదు. తన పని చూసి తానే సిగ్గుపడేవాడికి ఆ పనెందుకు? మానేసి బ్రష్షే పట్టుకోవచ్చుగా.

తరవాత మనవరాలికి ఫోటోలు నేర్పేవాళ్ళు ఆ మంచుముద్దను ఊరి నడిబొడ్డున చౌక్తడాలో ఒక పాత మేడ పైఅంతస్తులో ప్రదర్శనకు పెట్టారు. నన్నూ తీసుకెళ్ళింది. ఒక పెద్దమనిషి దాని ముందు నిలబడి, తల పక్కకు వాల్చి, "ఈ ముసలమ్మ మనసులో ఎంత దుఃఖముందో" అని బర్మా భాషలో నిట్టూర్చాడు. నేను అతని మోచేతి పక్కనే, అదే తెల్లచీరలో ఉన్నాను. నావైపు తిరిగి, "అవ్వా, కాస్త జరగండి, బొమ్మకు అడ్డమొస్తున్నారు" అన్నాడు.

జరిగాను. ఇంకేం చేస్తాను! రేపు నా పెట్టె దగ్గర కూడా ఇంతే కదా అనిపించింది.

తిరుగు బస్సులో మనవరాలు నెమ్మదిగా నోరు విప్పింది. "తరవాత ఆ మసక ఫోటోలవాళ్ళలోంచే కొందరు తిరగబడ్డారమ్మమ్మా. బ్రష్షులొద్దు, మంచొద్దు, ఉన్నది ఉన్నట్టు తియ్యాలన్నారు."

"మరి ఆ ముక్క ముందే సెప్పవేటే?"

"ఆ పాఠం మాకు వచ్చే వారం."

"నాకు రేపు పొద్దున్నే. వాజిలిన్ ముట్టుకున్నావో, సెయ్యి ఇరుగుద్ది."

తెల్లవారి అదే కిటికీ దగ్గర తీసింది. ఈసారి పుట్టుమచ్చ, ఊడిన పన్ను, ముక్కు మీద కళ్ళద్దాల నొక్కు, అన్నీ వచ్చాయి. మనవరాలు మూతి ముడిచింది.

"తిట్టడానికి నోరు తెరిసినట్టున్నావు. ఇది పెడితే పెట్టె దగ్గరికి ఎవులూ రారు."

"రాకపోతే మానీమను. వచ్చినోలికి పోయిందెవులో తెలాల."

నేను కన్ను మూశాక మనవరాలు మళ్ళీ మంచుముద్దనే తెచ్చి పెడుతుందని నాకు తెలుసు. అందుకని ఆదివారం ఆరాధన కాగానే, చట్రం కట్టించిన ఫోటోను పాస్టరుగారికే అప్పగించి, నా పెట్టె దగ్గర ఇది తప్ప వేరేది పెట్టనివ్వొద్దని చెప్పాను. ఆయన కాగితం విప్పి చూశారు. ఫోటోను చూస్తూనే, ఊడివున్న చొక్కా పైగుండీ పెట్టుకున్నారు.