మూడో వంపు

అచ్చు మేస్త్రీ కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు. టీకొట్టు బల్ల మీద కూర్చుంటే మోకాలు ఆడుతూనే ఉంటుంది. బస్సెక్కితే మెడ కిటికీ బయటే ఉంటుంది. మంగలి కుర్చీలో కూర్చున్నాడంటే ఆ మంగలి, "మేస్త్రీ, ఈ చెవి నీకు కావాలా, అక్కర్లేదా?" అని రెండు మూడుసార్లయినా అడగాలి. అరవై రెండేళ్ళొచ్చినా కంచం చేత్తో పట్టుకుని గదిలో తిరుగుతూ తింటాడు. అది పుట్టుకతో వచ్చిన గుణమని అందరూ అనుకుంటారు. కానే కాదు. ఇరవై నాలుగేళ్ళ వయసు దాకా ఆయన కూడా అందరిలాగే కూర్చునేవాడు.

అచ్చు మేస్త్రీ అన్న పేరు రావడానికి కారణం పాత మేడ. రెండు వందల ఏళ్ళ కిందట ఎవరో పెద్ద వర్తకుడు కట్టించిన తెల్లటి మేడ అది. ముందు ఆరు స్తంభాలు, అర్ధచంద్రాకారంలో మెట్లు, పైన కప్పు అంచు పొడుగునా సున్నంతో తీసిన నాలుగు వంపుల పట్టీ. బడిపిల్లల నోటు పుస్తకాల మీద అదే బొమ్మ, అగ్గిపెట్టెల మీదా అదే. ఊళ్ళో చేతిలో కాస్త డబ్బాడిన ప్రతివాడికీ అలాంటి ఇల్లొకటి కట్టుకోవాలని పుడుతుంది. ముఖం మేడలా ఉంటే చాలు, వెనక రేకుల షెడ్డయినా వాళ్ళకి అభ్యంతరం లేదు.

అలా అచ్చు మేస్త్రీ చేతి మీదుగా ఇరవై ఆరు మేడలు లేచాయి. బస్సుల యజమాని స్థలంలో ఆరు స్తంభాలు పట్టకపోతే, తగ్గించడానికి ఒప్పుకోక, వెదురు బొంగుల్లాంటివి ఆరు నిలబెట్టించుకున్నాడు. పళ్ళ డాక్టరు అర్ధచంద్రపు మెట్లు కట్టించుకుని, తర్వాత స్కూటరు ఎక్కించడానికి వాటి మీద చెక్క వేసుకున్నాడు. ఒక బేకరీ అయితే వెడల్పు పన్నెండడుగులే. దాని ముందు నిలబడితే మేడకు జ్వరమొచ్చి చిక్కిపోయిందేమో అనిపిస్తుంది. అన్నిటికంటే పెద్దది ఫంక్షన్ హాలు. ఇల్లు అప్పగించే రోజు మేస్త్రీ యజమానితో ఒకే మాట అనేవాడు: "అచ్చం అదే సారూ, వెంట్రుకవాసి తేడా లేదు."

ఆ మాట అనేసి, తలెత్తి పైకి చూడకుండా వెళ్ళిపోయేవాడు.

ముప్పై ఎనిమిదేళ్ళ కిందట పాత మేడకు సున్నం వేస్తుంటే కూలీగా పరంజా ఎక్కాడు. ఆ నాలుగు వంపుల పట్టీని చేతికందేంత దగ్గరగా చూసి మనసు పారేసుకున్నాడు. మర్నాడు మెత్తటి సీసపు బద్దె ఒకటి పట్టుకెళ్ళి, పట్టీ మీద ఆనించి, వేళ్ళతో అంగుళం అంగుళం నొక్కాడు. సీసం మెత్తన కదా, ఎక్కడ నొక్కితే అక్కడి ఆకారం పట్టేస్తుంది. దాన్ని పసిపాపను మోసుకొచ్చినట్టు ఇంటికి తెచ్చి దాచాడు. కొన్నాళ్ళకు ఆ బద్దెను రేకు మీద పెట్టి గీత గీసి, రేకును కోసి, కర్రకు బిగించాడు. తడి సున్నం మీద ఆ రేకును లాక్కుంటూ పోతే నాలుగు వంపులూ వరసగా లేచి వస్తాయి. ఆయన బతుకు తెరువంతా ఆ మూరెడు రేకే.

మొదటి ఇల్లు పూర్తయిన రోజు మధ్యాహ్నం మూడింటికి, ఎండ ఏటవాలుగా పడుతుండగా తలెత్తి చూశాడు. నేరుగా పాత మేడ దగ్గరికి వెళ్ళి అక్కడా చూశాడు. మేడ మీద మూడో వంపు కింద నీడ చిక్కగా ఉంది. తను కట్టిన ఇంటి మీద పలచగా ఉంది. అప్పటికి పరంజా విప్పేశారు. మేడలోకి ఆఫీసులొచ్చాయి, గేటు దగ్గర కాపలా పెట్టారు, పట్టీ నలభై అడుగుల ఎత్తున ఉండిపోయింది. ఇక ఎక్కి చూసే దారి లేదు. రోజూ మూడింటికి ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబడి మూడో వంపు వంక చూడటం ఆయనకు అలవాటైపోయింది. ఎంత భక్తి అనుకునేవాళ్ళు దారినపోయేవాళ్ళు. భక్తీ లేదు, పాడూ లేదు. తన చెయ్యి ఎక్కడ జారిందా అని ఒకటే తపన. అప్పటి నుంచే ఆ మనిషికి కాలు నిలవడం మానేసింది.

కిందటేడు వానలకు మేడ ముందువైపు పట్టీ మొత్తం ఊడి మెట్ల మీద పడి పిండైపోయింది. బాగుచేయడానికి ఒక ఇంజినీరమ్మ వచ్చింది. చేతిలో ఎప్పుడూ ఒక పుస్తకం, చెవి మీద పెన్సిలు. పది రోజులు ఊరంతా తిరిగి ఇరవై ఆరు ఇళ్ళూ కొలిచి, మేస్త్రీని పిలిపించింది.

"మేస్త్రీ గారూ, మేడ వెనకవైపు రెండు గజాల పట్టీ మిగిలింది. దానికీ మీ ఇళ్ళకీ మూడో వంపు దగ్గర తేడా ఉంది. ముందు ఒకలాగా వెనక ఒకలాగా కట్టారేమో, లేక మీ రేకే తప్పేమో. మీరు బద్దె తీసింది ముందువైపు నుంచేనా?"

"ముందునుంచేనమ్మా."

"తీసింది తీసినట్టే ఉందని సంతకం పెడతారా? పెడితే ముందువైపంతా మీ రేకుతోనే, మీ చేత్తోనే. లేదంటే వెనకదాని ప్రకారం వెళ్తాం. ఆ పని బయటి నుంచి వచ్చే బృందం చూసుకుంటుంది. శుక్రవారంలోగా చెప్పండి."

పాత మేడ మీద తన చెయ్యి! ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆయన కోరుకున్నది అదొక్కటే. అక్కడికక్కడే సంతకం పెట్టేసి ఉండాల్సింది. నీళ్ళు నమిలి, ఆలోచించి చెబుతానని బయటపడ్డాడు.

ఇంటికొచ్చాక మూడు రోజులు ఆయనతో వేగడం పగవాడికి కూడా వద్దు. కుర్చీ గోడ పక్క నుంచి కిటికీ పక్కకు, మళ్ళీ గోడ పక్కకు మార్చాడు. నీళ్ళు రాని కుళాయిని రెండుసార్లు విప్పి బిగించాడు. ఇద్దరు కొడుకులూ ఎలక్ట్రీషియన్లు, సున్నం ముట్టరు. తండ్రి వాలకం చూసి పొద్దున్నే పనికి తప్పించుకుపోయారు. మిగిలింది భార్య. ఆవిడ ఆయన మేనమామ కూతురే. కిటికీ దగ్గర కూర్చుని బడిపిల్లల చొక్కాలకు బొత్తాలు కుడుతోంది.

"కాలు కాలిన పిల్లిలా ఏంటి బావా ఆ తిరుగుడు? గచ్చు అరిగిపోతోంది, కూర్చో."

అప్పుడు చెప్పాడు. చెప్పి, తనే వకీలులా వాదించుకున్నాడు. "నా చెయ్యి జారిందేమో అని అనుమానమే గానీ, జారిందని రుజువేముంది? మేడే రెండు రకాలుగా కట్టారేమో. సంతకం పెట్టేస్తే ఏం పోయింది? అడిగేవాడెవడు?"

ఆవిడ సూది ఆపింది. "నీ చెయ్యి జారలేదు."

"నీకేం తెలుసే?"

"నాకే తెలుసు." చొక్కా మడతపెట్టి పక్కన పెట్టింది. "ఆ బద్దెను దుప్పటి మడతల్లో చుట్టి అలమరలో పెట్టావు గుర్తుందా? మర్నాడే నేను ఆసుపత్రికి వెళ్ళాను. పిల్లను తీసుకుని ఇంటికొచ్చేసరికి మా పిన్ని హడావిడిగా ఆ దుప్పటే లాగి, మడత కూడా విప్పకుండా పిల్ల కింద వేసింది. రెండు రోజులు పిల్ల దాని మీదే పడుకుంది. ఊరుకోకుండా ఏడుస్తుంటే కింద చెయ్యి పెట్టి చూశాను. నీ బద్దె. ఒక్కచోట, మూడో వంపు దగ్గర, అణిగిపోయింది. నువ్వు పని నుంచి వచ్చాక చెబుదామనుకున్నా. ఈలోగా పిల్లకు జ్వరమొచ్చింది."

ఆ తర్వాతది ఇద్దరికీ తెలుసు. పిల్ల తొమ్మిది రోజులు బతికింది. పేరు పెట్టలేదు. ఫోటో తీయలేదు. కట్టిన గుడ్డలు కూడా పిన్ని ఎవరికో ఇచ్చేసింది.

"తర్వాత నువ్వు రేకు కోస్తుంటే పక్కనే కూర్చుని చూశాను బావా. చెబితే సరిచేస్తావు. సరిచేస్తే పిల్ల గుర్తూ పోతుంది. దానిదని ఇంకేం మిగిలింది నాకు? అందుకే నోరు మూసుకున్నా."

మేస్త్రీకి కోపం తన్నుకొచ్చింది. "ముప్పై ఎనిమిదేళ్ళు! రోజూ ఎండలో నిలబడి నన్ను నేను తిట్టుకుంటుంటే చూస్తూ ఊరుకున్నావా?" అని అరిచి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచాడు.

బేకరీ ముందు నుంచి, పళ్ళ డాక్టరు ఇంటి మీదుగా, బస్సుల షెడ్డు పక్క నుంచి ఎటు పోతున్నాడో తెలియకుండా పోయాడు. ఎటు చూసినా మూడో వంపే. ఫంక్షన్ హాలు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. తన భార్యతో ఎప్పుడు ఈ దారిన వచ్చినా ఆవిడ ఇక్కడ ఆగుతుంది. మోకాళ్ళ నొప్పులంటుంది. ప్రహరీ గోడకు ఆనుకుని పైకి చూస్తుంది. "ముందు డాక్టరుకు చూపించుకో, నీతో నడిస్తే తెల్లారుతుంది" అని ఆయన విసుక్కుంటాడు. బేకరీ దగ్గరా అంతే, బస్సుల యజమాని ఇంటి దగ్గరా అంతే. మరి కూరగాయల సంచీ మోసుకుని రెండంతస్తులు ఎక్కేటప్పుడు ఆ మోకాళ్ళు ఎన్నడూ నొప్పి పెట్టలేదే! ఆ సంగతి ఇన్నేళ్ళలో తట్టనే లేదు తనకు. పట్టపగలు, నడిరోడ్డు మీద, అచ్చు మేస్త్రీ ఏడ్చాడు.

ఇంటికొచ్చి తలుపు దగ్గరే నిలబడి అన్నాడు, "సంతకం పెట్టేస్తానే. పెద్ద మేడ మీద ఉంటుంది మన పిల్ల. ఇంకో రెండు వందల ఏళ్ళు ఎవడూ కదపడు."

ఆవిడ కళ్ళు ఒక్క క్షణం వెలిగాయి. నిజంగానే ఆశ పడింది. పక్కన పెట్టిన చొక్కా మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"వద్దు బావా," అంది చివరికి. "మేడ మీద అసలు వంపు తీసినవాడు కూడా ఒకడుంటాడు కదా. వాడికెవరున్నారో, ఏం మిగిలిందో. వాడిది చెరిపి మనది పెడితే నాకు నిద్రపట్టదు."

గురువారమే వెళ్ళాడు. ఇంజినీరమ్మ బల్ల ముందు నిలబడి, "వెనకవైపుదే అసలుదమ్మా. నా బద్దె అణిగిపోయింది. దాని మీద బరువు పడింది" అన్నాడు.

ఆమె పుస్తకం తెరిచింది. "ఎంత బరువు?"

"రెండు కిలోల ఏడు వందలు."

పెన్సిలు ఆగింది. "ఎప్పటి సంగతో, అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారు?"

"పుట్టినప్పుడు తూచారమ్మా."

ఆమె రాయబోయింది మానేసి, లేచి, తన కుర్చీ ఆయనకు జరిపింది.

ముందువైపు పని బయటి బృందానికే వెళ్ళింది. పూర్తయ్యాక ఊరంతా చూసి ముక్కున వేలేసుకుంది. మేడ ఒకలా, ఇరవై ఆరు ఇళ్ళూ ఇంకోలా! అచ్చు మేస్త్రీ పేరు వారంలో వంకర మేస్త్రీ అయింది. బేకరీవాడు ఎదురుపడితే మొహం తిప్పుకున్నాడు. ఫంక్షన్ హాలు యజమాని మనిషిని పంపకుండా తనే ఇంటికొచ్చాడు.

"అచ్చం అదే అన్నావు కదయ్యా? కొట్టేసి కొత్త రేకుతో మళ్ళీ లాగు. కూలీ ఇస్తాను."

"నేను లాగను సారూ."

"ఇంకొకడితో చేయించుకుంటాను మరి!"

"మీ హాలు, మీ ఇష్టం. నా చేత్తో మాత్రం కొట్టను."

యజమాని తిట్టుకుంటూ పోయాడు. మర్నాటి నుంచి పరంజా కడతారని తెలిసింది.

ఆ సాయంత్రం మేస్త్రీ చొక్కా వేసుకుని, "పద, అలా నడిచొద్దాం" అన్నాడు భార్యతో. ఫంక్షన్ హాలు దగ్గర కర్రలు, తాళ్ళు అప్పుడే దింపి ఉన్నాయి. ఆవిడ వాటిని చూసింది. ఈసారి ఆగలేదు, తల వంచుకుని ముందుకు నడవబోయింది.

మేస్త్రీ గేటు పక్క ప్రహరీ గోడకు ఆనుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"కాసేపు ఆగవే," అన్నాడు. "మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి."

ఆవిడ వెనక్కొచ్చి పక్కన కూర్చుంది. వాచ్‌మన్ గేటు మూస్తానని వచ్చి చెప్పేదాకా ఇద్దరూ పైకి చూస్తూ ఉండిపోయారు. అంతసేపూ ఆయన మోకాలు కదల్లేదు.