చెయ్యి మంచిది కాదన్న మాట

పోయిన మార్గశిరంలో ఒక పని మీద గిద్దలూరు వెళ్ళి, తిరుగు రైలుకు ఇంకా గంటన్నర సమయం ఉందని మా వియ్యపురాలి ఇంటికి వెళ్ళాను. ఆమె టీచరుగా చేసి రిటైరైన మనిషి, మాటకారి. వాళ్ళ హాల్లో ఓ మూలన పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ ఒకటి ఉంది, పొద్దున్నే దాని ముందు కూర్చుని పాత ఫోటోలు చూసుకోవడం ఆమెకు అలవాటు. నేను వెళ్ళేసరికి బటన్ నొక్కుతూ ఉంది. లోపల ఫ్యాను తిరిగింది, చిన్న లైటు వెలిగింది, తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ అంతే. "నేను నొక్కితే రాదన్నయ్యా, మీ అల్లుడు నొక్కితే వస్తాది. నా చెయ్యే మంచిది కాదంట" అని పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఏదో తప్పుగా అన్నాననుకుని ఆమె మాట మార్చి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. నేను ఆ నల్లని తెర వంకే చూస్తూ కూర్చున్నాను.

మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో ఆ గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళేవాళ్ళం. తెర మీద గుడ్డ ముసుగు ఉండేది, ఆ ముసుగు తీయడం కూడా ఒక మర్యాదగా సాగేది. మార్కాపురంలో మా బావ, అంటే మా పెద్దక్క భర్త, అటువంటి కంప్యూటర్ సెంటర్ ఒకటి పెట్టాడు. పెళ్ళిపత్రికలు, అర్జీలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు పుస్తకాలు టైపు చేసి ఇచ్చేవాళ్ళు. నేను డిగ్రీ తప్పి ఊళ్ళో ఖాళీగా తిరుగుతుంటే, మా నాయన ఉన్న ఎకరం సెనగలు అమ్మి నన్ను కర్నూలు పంపి ఆర్నెల్లు హార్డ్‌వేర్ కోర్సు చదివించాడు, ఆ తరువాత బావకు అప్పగించాడు. అక్క ఇంట్లో తిండి, బావ సెంటర్లో పని. ఆ ఇంట్లో నా మెతుకు నేను సంపాదించుకుంటున్నానని రోజూ రుజువు చేసుకోవలసిన బతుకు. ఇది నా తప్పును చిన్నది చేయడానికి చెప్పడం లేదు, అది జరిగిన చోటు ఎట్లాంటిదో తెలియాలని చెబుతున్నాను.

ఆ సెంటర్లో టైపు చేసే అమ్మాయి ఒకతె ఉండేది. యర్రగొండపాలెం దారిలోని ఒక పల్లె నుంచి పొద్దున మొదటి బస్సుకు వచ్చేది. వాళ్ళ నాయన పలకల గనిలో కూలి. నన్ను అన్నా అని పిలిచేది కాబట్టి ఇక్కడ కూడా చెల్లెలనే రాస్తాను, ఆ మాటకు నాకు అర్హత లేకపోయినా. తెలుగు టైపు ఆమె చేసినంత వేగంగా ఆ ఊళ్ళో ఇంకెవరూ చేసేవాళ్ళు కాదు. చేతిరాత ఎంత గజిబిజిగా ఉన్నా చదివేది, రాసినవాళ్ళ తప్పులు దిద్ది మరీ కొట్టేది. ఎనిమిదిన్నరకు వచ్చి తలుపు తీసి, ఊడ్చి, ఊళ్ళోని పలకల ఫ్యాక్టరీల నుంచి వచ్చి మిషన్ మీద పేరుకున్న పలకల పొడి తుడిచి, బటన్ నొక్కి సిద్ధం చేసి పెట్టడం ఆమె పని. బావా నేనూ పది గంటలకు వెళ్ళేవాళ్ళం.

ఆ ఏడు చలి మొదలైనప్పటి నుంచి మిషన్ మొరాయించడం మొదలుపెట్టింది. పొద్దున ఆమె నొక్కితే రాదు. పదిసార్లు నొక్కుతుంది, కాసేపు ఆగుతుంది, మళ్ళీ నొక్కుతుంది, రాదు. పది గంటలకు బావ వచ్చి ఒక్కసారి నొక్కితే టక్కున వచ్చేది. రెండు మూడు రోజులు నవ్వుకున్నాం. వారం తిరిగేసరికి బావ కసురుకోవడం మొదలుపెట్టాడు. నన్ను చూడమన్నాడు. నాకు తెలిసిందంతా చేశాను. ప్లగ్గు మార్చాను, మెమరీ కార్డు ఊడదీసి దాని అంచులు పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాను, లోపలి బ్యాటరీ మార్చాను, బ్లోయరుతో దుమ్ము ఊదాను. నేను చూసే వేళకు అది ఎప్పుడూ బాగానే ఉండేది. చివరికి కరెంటు సప్లై డబ్బా పోయి ఉంటుందని చెప్పి బావతో కొత్తది కొనిపించాను. అది బిగించిన మర్నాడు పొద్దున కూడా మిషన్ రాలేదు.

ఆ రోజు సెంటర్ నిండా జనం. బావ వాళ్ళందరి ముందూ నన్ను నిలదీశాడు.

"ఆర్నెల్లు ఏం చదివినావురా నువ్వు? మీ నాయన సెనగలు తినొచ్చినావా?"

నా చెవులు కాలిపోయాయి. నోటికి వచ్చిన మాట అనేశాను.

"మిషన్లో ఏం లేదు బావా. ఉంటే నొక్కే చేతిలోనే ఉంది."

జనం నవ్వారు. బావ కూడా నవ్వాడు. నా మీది నుంచి కోపం జారి పక్కకు పోయింది, నాకు అంతే కావలసింది. కీబోర్డు ముందు కూర్చున్న ఆ చెల్లెలు కూడా అందరితో పాటు చిన్నగా నవ్వింది, అది ఒట్టి వేళాకోళం అనుకుంది కాబోలు.

మా బావ తల్లిని నేను అత్తా అని పిలిచేవాణ్ణి. ఆమె పొద్దున పూట సెంటర్ గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. ఆమెకు అది వేళాకోళం కాలేదు. మర్నాడే మిషన్‌కు పసుపు కుంకుమ పెట్టింది, తెర మీద నిమ్మకాయ కట్టింది. బొట్టు పెట్టుకోని చెయ్యి, చర్చికి పోయే చెయ్యి, పొద్దున్నే బోణీ వేళ తగిలితే ఇంకేమవుతుందని వచ్చినవాళ్ళకల్లా చెప్పేది. అప్పటి నుంచి ఆ చెల్లెలు ఊడ్చి, తుడిచి, బయట మెట్ల మీద కూర్చుని బావ కోసం ఎదురుచూడాలి. బావ వచ్చి నొక్కాకనే లోపలికి రావాలి. ఇక్కడ ఇంకో చిత్రం జరిగేది. ఆమెను నొక్కవద్దన్నాక చల్లగా పడి ఉన్న మిషన్ బావకూ మొదటిసారికి వచ్చేది కాదు, నాలుగైదు సార్లు నొక్కితే వచ్చేది. ఆమె తుడిచేటప్పుడు దొంగతనంగా నొక్కి ఉంటుందని అత్త అనేది. అందరూ నమ్మేవాళ్ళు.

అది నాలుగు రోజుల్లో ఒక ఆటగా మారింది. జనం ఉన్నప్పుడు బావ మిషన్ ఆర్పేసి, "ఏమ్మాయ్, నొక్కు చూద్దాం" అని ఆమెను పిలిచేవాడు. ఆమె చున్నీతో చెయ్యి తుడుచుకుని వచ్చి నొక్కేది. వేడి మీద ఉన్న మిషన్ వచ్చిందంటే ఎవరికీ పట్టేది కాదు. రాకపోతే మాత్రం ఒకటే చప్పట్లు, ఈలలు. కాలేజీ పిల్లలు ఆ తమాషా చూడడానికే వచ్చేవాళ్ళు. ఒకసారి మూడు రోజుల పాటు ఆమె రెండు చేతులకూ గోరింటాకు పెట్టుకుని వచ్చింది. ఎందుకని ఎవరూ అడగలేదు. చేతుల్ని మంచివిగా చేసుకోవడానికని నాకు అర్థమైంది, అయినా చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఒక ఆదివారం సెంటర్ మూసి ఉన్నప్పుడు ఒక్కణ్ణే వెళ్ళి మిషన్ మొత్తం విప్పాను. ప్రాసెసర్ మీది ఫ్యాను తీసి, దాని చుట్టూ గడ్డకట్టిన పలకల పొడిని బ్రష్షుతో మెల్లగా దులిపితే అప్పుడు కనిపించాయి. బోర్డు మీద వరసగా నిలబెట్టిన కరెంటును నిలకడగా అందించే చిన్న చిన్న గొట్టాల్లాంటి కెపాసిటర్లలో మూడింటి తలలు ఉబ్బి ఉన్నాయి. ఒకదాని తల పగిలి గోధుమరంగు జిగురు కారి ఎండిపోయింది. చిక్కుముడి విడిపోయింది నాకు. అట్లా ఉబ్బినవి చలికి పని చేయవు, నొక్కగా నొక్కగా కొంచెం వేడెక్కితే పని చేస్తాయి. అంటే అన్ని రోజులూ ఆ చెల్లెలు చలిలో వచ్చి పదిసార్లు నొక్కి మిషన్‌ను వేడి చేసి పెడితే, పదింటికి వచ్చి బావ ఒక్క నొక్కుతో పేరు కొట్టేశాడన్నమాట.

చెప్పాలంటే ముందు నా మాట నేను మింగాలి. కొత్త డబ్బా దండగ ఖర్చని ఒప్పుకోవాలి. రేపు చెబుదాంలే అనుకున్నాను. సోమవారం చెప్పలేదు. మంగళవారమూ చెప్పలేదు.

బుధవారం పొద్దున తొమ్మిదింటికి ఒక ప్రైవేటు కాలేజీ కరస్పాండెంటు సెంటర్‌కు వచ్చాడు. వాళ్ళ ఆఫీసుకు తెలుగు, ఇంగ్లీషు రెండూ టైపు చేసే మనిషి కావాలి, నెల జీతం, ఏళ్ళ తరబడి ఉండే పని. ఆ చెల్లెలి టైపు గురించి ఎవరో చెబితే తన కళ్ళతో చూసి పోదామని ముందే కబురు చేసి వచ్చాడు, ఆయన కోసం బావా నేనూ కూడా ఆ రోజు తొందరగా వెళ్ళాం. ఆమె వాళ్ళ వదిన చీర కట్టుకుని వచ్చింది. వాళ్ళ నాయన గనికి నాగా పెట్టి వెంట వచ్చి, లోపలికి రాకుండా చెప్పులు విడిచే చోట నిలబడ్డాడు. నేను మెట్లెక్కుతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"నాయనా, నువ్వు చదువుకున్నోడివి. ఆ మిషనును కొంచెం చూడు నాయనా, ఈ పొద్దు ఒక్కదినం."

సరే పెద్దయ్యా అన్నాను.

ఆమె కూర్చుని నొక్కింది. రాలేదు. రెండోసారి నొక్కింది, రాలేదు. బావ నవ్వుతూ, "ఈమె చెయ్యి పడితే ఇంతే సార్, మాకు రోజూ ఉండేదే" అన్నాడు. అప్పుడు ఆమె కుర్చీలోంచి వెనక్కి తిరిగి నా వైపు చూసింది. "అన్నా" అంది, అంతే. ఇంకేమీ అడగలేదు. నా నోట్లో మాట సిద్ధంగానే ఉంది, మూడు కెపాసిటర్లు పోయినాయి సార్, అది బోర్డు తప్పు అని. కానీ బావ నా పక్కనే నిలబడి ఉన్నాడు. "ఇంకోసారి నొక్కు" అన్నాను. నొక్కింది. రాలేదు. కరస్పాండెంటు గడియారం చూసుకుని, మళ్ళీ కబురు చేస్తానని లేచి వెళ్ళిపోయాడు. ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో బావ నొక్కాడు, తెర వెలిగింది. గడప దగ్గర నుంచి అత్త, "చూసినారా, నేను చెప్పలా?" అంది. చెప్పులు విడిచే చోట ఆ పెద్దాయన తల వంచుకుని కూతురి చెప్పులు తీసి ఆమె కాళ్ళ ముందు పెట్టాడు. రేపటి నుంచి రావద్దని బావ అక్కడికక్కడే చెప్పేశాడు.

ఆ ఆదివారమే, సెంటర్ మూసి ఉన్నప్పుడు, ఏదో పని పెట్టుకుని ఒంగోలు వెళ్ళి, బోర్డు సంచిలో తీసుకుపోయి ఆ మూడూ మార్పించుకొచ్చాను. మర్నాటి నుంచి ఎంత చలి పొద్దునైనా ఒక్క నొక్కుకు వచ్చేది. "మనిషి పోయింది, మిషన్ బాగుపడింది" అని బావ ఊరంతా చెప్పుకున్నాడు. ఆ చెల్లెలు ఇంకో రెండు సెంటర్లలో పని అడిగిందట. అక్కడికి ఆమె కంటే ముందే ఈ కథ చేరింది.

నేను తరువాత ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరి అక్కడే రిటైరయ్యాను. ఆమెను మళ్ళీ చూసింది చాలా ఏళ్ళకు, యర్రగొండపాలెంలో ఆటోలు ఆగే చోట. మిరప కోతకు పోయి వస్తున్న ఆడవాళ్ళలో ఉంది. ఆమే ముందు నన్ను గుర్తుపట్టి బాగున్నావా అన్నా అని పలకరించింది. ఘాటుకు మండుతున్న చేతులకు మజ్జిగ పూసుకుంటూ ఉంది. అన్నేళ్ళు మోసిన మాట ఇక ఆపుకోలేక చెప్పేశాను.

"ఆ మిషన్లో నీ తప్పేం లేదమ్మా. బోర్డు మీద..."

"ఉబ్బినాయి గదన్నా, మూడు. నేనూ చూసినా."

ఎప్పుడు చూశావని అడిగాను.

"ఆ సారు వచ్చే ముందురోజు. నువ్వు పక్క మూత బిగించలా, తుడుస్తా ఉంటే కనపడినాయి. నీ కోర్సు పుస్తకంలో అట్లాంటి బొమ్మ ఉండె."

"మరి అప్పుడే చెప్పలేదేంది?"

"నేను చెప్తే ఎవురు నమ్ముతారన్నా? దుమ్ము దులిపింది నువ్వే గదా, నీకు తెలుసు. నువ్వు చెప్తావులే అనుకున్నా. ఆ పొద్దు నీ తట్టు చూసింది అందుకే."

కోపంగా అనలేదు. పాత ఊరి సంగతి చెప్పినట్టు చెప్పింది. మీ నాయన బాగున్నాడా అని అడిగాను, ఇంకేం అడగాలో తెలియక.

"పోయినాడన్నా. ఆయన మాత్రం చచ్చిందాకా ఆ మాట నమ్మినాడు. కౌలు చేలో విత్తనం పెట్టేటప్పుడు నన్ను ముట్టనిచ్చేవాడు కాదు, గట్టు మీద కూర్చోబెట్టేవాడు."

ఆటో వచ్చింది. మిగతా ఆడవాళ్ళతో సర్దుకుని ఎక్కి కూర్చుంది. క్షమించమ్మా అనే మాట ఆటో కదిలాక నా నోట్లోంచి వచ్చింది.

ఇప్పుడు మార్కాపురంలో వీధికొక కంప్యూటర్ దుకాణం ఉంది, ఎవరూ చెప్పులు విడవరు, ఎవరి చేతి వంకా చూడరు. పాడైతే విప్పి చూసే ఓపిక కూడా లేదు, అవతల పారేసి కొత్తది తెచ్చుకుంటారు. పలకలు పట్టుకునే పిల్లలు కూడా తగ్గిపోయారు. అత్త పోయింది. పోయిన ఏడు మంచాన ఉన్న బావ పక్కన కూర్చుని ఆ ముచ్చట మొత్తం చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. "ఇప్పుడెందుకులేరా అయ్యన్నీ" అని, టీ తెమ్మని అక్కను కేకేశాడు. మన ఈడు వాళ్ళం నలుగురం కలిస్తే ఆ రోజులే వేరు, సౌకర్యాలు లేకపోయినా మనుషులు మంచివాళ్ళు అని తప్పకుండా ఎవరో ఒకరు అంటారు, మిగతావాళ్ళు అవునంటారు. నేను కూడా చాలా ఏళ్ళు అవునన్నాను. ఈమధ్య ఆ మాట వచ్చినప్పుడు లేచి బయటకు వస్తున్నాను.