అత్త పలకని పేరు

మా మేనత్త పోయింది. చంద్రపూర్‌లో తుకుం అనే పేటలోని వాళ్ల దుకాణం గుమస్తా ఫోన్ చేసి ఒక పేరు చెప్పి, ఆ బాయి పోయిందంటే, ఎవరబ్బా అనుకున్నాను. అతను చెప్పింది కాగితాల్లో ఉన్న పేరు. "మీ అత్తనే" అని విడమరిచాక గాని నాకు ఏడుపు రాలేదు. చావు కబురు కూడా ఆ దిక్కుమాలిన పేరుతోనే రావాలా అని ఏడుపు మధ్యలోనే ఒళ్లు మండింది.

అత్త రాజూరా దగ్గరి పల్లెలో పుట్టింది. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే మా నాయనమ్మ పోశమ్మకు మొక్కుకుందట. ఈ పిల్ల దక్కింది, ఆ తల్లి పేరే పెట్టారు. పెళ్లయి చంద్రపూర్‌లో వ్యాపారం చేసే ఇంటికి వచ్చింది. వాళ్లూ తెలుగువాళ్లే గాని, మరాఠీ ఇళ్ల పద్ధతులు పట్టుకున్నారు. పెళ్లినాడు పళ్లెంలో బియ్యం పరిచి, పెళ్లికొడుకు చేత ఉంగరంతో కొత్త పేరు రాయించారు. పల్లెటూరి అమ్మవారి పేరు వాళ్లకు నామోషీ. ఆ కొత్త పేరేమిటో ఇక్కడ రాయడానికి నాకు చేతులు రావడం లేదు.

ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే అత్త తిరిగి చూసేది కాదు. చేటలో బియ్యం చెరుగుతూనే ఉండేది. వాళ్ల అత్తగారు అరిచి అరిచి చివరికి "ఓ పిల్లా" అంటే, అప్పుడు "ఏంది అత్తమ్మా" అంటూ లేచేది. ఒకసారి నేనడిగితే నవ్వింది.

"పళ్లెంల బియ్యం పారబొయ్యలే బిడ్డా. నేనే వండిన, అందరు తిన్నరు. గా పేరు గా రాత్రికే అరిగిపోయింది."

ఊరిని కూడా పాత పేరుతో చాందా అనే అనేది. చంద్రపూర్ అని ఆమె నోట నేను వినలేదు. "పేరైతే మార్చిండ్రు. ఎండ తగ్గిందా మరి?" అనేది.

బడిలో నాది మరాఠీ. సెలవుల్లో తెలుగు అక్షరాలు నేర్పింది అత్తే. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబు అంచున చుక్కలు చుక్కలుగా చెక్కిన ఆమె పేరుండేది. నా వేలు పట్టుకుని ఆ చుక్కల మీద దిద్దించేది. ఇవాళ ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తున్నానంటే ఆ చెంబు చలవే. తన కొడుకులకూ నేర్పబోయింది గాని వాళ్లు కూర్చోలేదు.

ఆ కొడుకులు పెద్దయ్యేసరికి బజారంతా రంగు టీవీలు, ఇంగ్లీషు బోర్డులు. తాత పేరు మీదున్న కిరాణా దుకాణానికి 'ఎంటర్‌ప్రైజెస్' అని వెలుగుతూ ఆరుతూ ఉండే బోర్డు పెట్టారు. అత్త కింద నిలబడి చూసి, "లోపట గదే పప్పు, గదే ఉప్పు" అని ఇంట్లోకి వెళ్లిపోయింది.

మంచం పట్టాక నన్ను ఒక్కటే అడిగింది. "నేను పోయినంక యాడనన్న పేరు రాస్తే నా పేరు రాయమను బిడ్డా."

పెద్ద బావతో చెప్పాను. "గా పేరు గావ్‌ఠీ ఉంటది. గిరాకీలు నవ్వరా?" అన్నాడు. గావ్‌ఠీ అంటే మోటు. కన్నతల్లి పేరు చెప్పుకోవడానికి దుకాణానికొచ్చే గిరాకీలకు భయపడాలట. అంత రోత మాట నేనింతవరకూ వినలేదు. అప్పటికి ఆమె పక్క గదిలో దగ్గుతూనే ఉంది. చదివేవారికి ఇది చిన్న విషయంగా తోచవచ్చు. ఆమె మాత్రం జీవితంలో ఇంకేమీ అడగలేదు.

ఎండలు ముదిరాక దుకాణం ముందు ఆమె జ్ఞాపకార్థం చలివేంద్రం పెట్టారు. చూడ్డానికి వెళ్లాను. గుడ్డ బ్యానర్ మీద ఆ పళ్లెంలోని పేరే ఉంది. దానికంటే పెద్ద అక్షరాల్లో దుకాణం పేరు. నీళ్లు ముట్టకుండానే వెనక్కి తిరగబోయాను.

అప్పుడు కనబడింది, నీళ్లు ముంచుకోవడానికి పెట్టిన ఇత్తడి చెంబు. ఎవరూ ఎత్తుకుపోకుండా గొలుసు వేసి కట్టారు. అత్తదే. అటక మీది పాత సామాన్లోంచి తీసినట్టున్నారు. నేను దాన్నే చూస్తుంటే బావ దగ్గరికొచ్చాడు.

"గా అంచుకు ఏందో రాసినట్టుంది. ఏందది?"

తెలిస్తే సాయంత్రానికల్లా ఆ చెంబు మాయమై ప్లాస్టిక్ మగ్గు వస్తుంది.

"ఏం లేదు బావా, డిజైన్" అన్నాను.

బొగ్గు లారీ దిగి వచ్చిన డ్రైవర్ ఒకతను చెంబు ముంచి, పైకెత్తి, గటగటా పోసుకుని తాగాడు. అంచున తడిసిన చుక్కలు ఎండకు మెరిశాయి. పోశమ్మ. గొలుసు గలగలమంటుండగా చెంబు మళ్లీ కుండలోకి దిగింది.