నీళ్లకు కట్టని గోపురం

మొన్న సద్దుల బతుకమ్మ నాడు పులిహోర అన్నం పలుకైంది. తప్పు నా లెక్కదన్నారు. కాదు.

నేను చెప్పింది ఇంతే: నాలుగు సోలల బియ్యం, ఎనిమిది సోలల ఎసరు. నేను బడికి పోలేదు. జగిత్యాల మార్కెట్లో ఏళ్ల తరబడి బస్తాలు మోస్తూ, కాంటా పక్కన నిలబడి నేర్చుకున్న లెక్క నాది. కోరుట్లలో మా ఇంట్లో ఏ పండుగ వంటకూ అది తప్పలేదు.

"నీ లెక్కల మన్నువడ!" అంది నా భార్య, మెతుకు నొక్కి చూసి. "పొద్దుగూకుతుంది. గీ పలుకన్నం పట్కొని బతుకమ్మ కాడికి ఎట్ల పోవాలె? వాడకట్టంత నవ్వరా?"

ఈసారి వంట కోడలిది. సిరిసిల్ల పిల్ల, డిగ్రీ చదివింది. "నువ్వు చెప్పినట్టే పోసిన మామా" అంది.

"ఎట్ల కొలిచినవో చూపియ్యి బిడ్డా."

సోలను బియ్యంలో ముంచి గోపురంలా పైకి లేపింది. ఆ గోపురాన్ని నేను చేత్తో సమం చేయబోతే సోల వెనక్కి లాక్కుంది.

"పండుగ పూట సోల మీది గింజలు తుడుస్తరా? మా అవ్వగారింట్ల తుడువరు."

బియ్యానికి గోపురం కట్టింది సరే, నీళ్లకు ఎలా కడుతుంది? పేపరు పరిచి నాలుగుసార్లు ముంచాను. నాలుగు గోపురాలూ పక్కకు తీసి కొలిస్తే దగ్గర దగ్గర అర సోల. అంత బియ్యం ఎక్కువైతే సోలెడు నీళ్లు తక్కువైనట్టే కదా!

"సోలెడు మసిలే నీళ్లు పోసి మూత పెట్టుండ్రి" అన్నాను.

"ఇంకింత పాడు చేస్తవా?" అంది భార్య.

మూడుసార్లు చెప్పాను. చెవిన పెట్టలేదు. ఒళ్లు మండి నేనే నీళ్లు కాచి పోశాను. పావుగంటకు మెతుకు మెత్తబడింది. గబగబా చింతపండు పులుసు కలిపి, గిన్నె కట్టుకుని, బతుకమ్మ ఎత్తుకుని ఇద్దరూ వెళ్లిపోయారు. నా లెక్క ఒప్పేనని ఒక్క ముక్క అనలేదు. నింద వేసినప్పుడు మాత్రం గొంతు వాడకట్టంతా వినబడింది!

ఖాళీ గిన్నెతో తిరిగొచ్చిన కోడలిని గడపలోనే ఆపి అడిగాను, తప్పెవరిదని. కాళ్లు కడుక్కుంటూ నవ్వింది.

"తప్పు నీది గాదు మామా. గని పండుగ పూట గోపురం తుడుసుడు నాతోని గాదు. వచ్చే యేడు తొమ్మిది సోలల ఎసరని చెప్పు, అయిపాయె!"