కంప్యూటర్‌లో పోయిన నా రాజ్యం

ఈ రోజు మధ్యాహ్నం హనుమకొండలో మా కాలేజీ కంప్యూటర్ గదిలో, చెప్పులు బయట విప్పి కూర్చుని, ఒక రాజ్యం స్థాపించాను. నిరుడొచ్చిన ఆ ఒక్క కంప్యూటర్‌లో ఎవరో కొత్త ఆట ఎక్కించారు. బొమ్మలుండవు, తెర మీద అక్షరాలే. ఏటేటా పండిన ధాన్యంలో జనానికెంత, విత్తనానికెంత, సైన్యానికెంత అన్నది రాజు చెప్పాలి. సైన్యానికి ఎక్కువ ఇచ్చిన ప్రతిసారీ మూడో ఏడు కరువొచ్చి జనం చచ్చిపోయారు.

గది ఊడ్చే రాజమ్మది ములుగు దగ్గర రైతు కుటుంబం. ఏమైందని ఆమె అడిగితే అంతా చదివి వినిపించాను.

"ముందుగాల జనానికి, ఇత్తనాలకు పెట్టు మేడమ్. మిగిలితే సిపాయిలకియ్యి," అంది.

అలాగే చేశాను. జనం రెట్టింపయ్యారు. పదో ఏట పొరుగు రాజు వచ్చి కోట తీసుకున్నాడు. ఆట అయిపోయింది.

"ఓడిపోయాం రాజమ్మా."

"జనం సచ్చిండ్రా?"

"లేదు, అందరూ ఉన్నారు. రాజే మారాడు."

"మరి ఓడిందెవ్వరు మేడమ్?" అని నిజంగానే అడిగింది.

ఇంటికొచ్చి మా ఆయన్ని అడిగితే, రాజ్యం పోతే ఓడినట్టే కదా అన్నారు. నాకు మాత్రం ఇంకా తేలడం లేదు. మీరేమంటారు?