కుర్చీ అంచున గంగులమ్మ

గంగులమ్మకు కుర్చీలో నిండుగా కూర్చోవడం చేతకాదు. ఎవరు కేకేసినా లేవడానికి వీలుగా అంచున ఆనుకుంటుంది, అంతే. కువైట్‌లో కాలేజీ పిల్లలతో కిక్కిరిసిన ఆ వెనెజులా హోటల్లోనూ అలాగే కూర్చుంది. వెయిటర్ ప్లేట్లు తెస్తే ఎదురెళ్లి అందుకుంది. పక్క బల్ల మీద ఎవరో ఒలకబోసిన సాస్‌ను టిష్యూతో తుడిచొచ్చింది. "కూర్చో గంగమ్మా, తిను," అంది ఎదురుగా ఉన్న నూరా. పసిగుడ్డప్పటి నుంచి గంగులమ్మ చంకలో పెరిగిన కువైటీ పిల్ల కనుక కడప తెలుగు నోట తిరుగుతుంది.

నల్ల చిక్కుడు గింజలు, చీజ్ కూరిన అరేపా అనే మొక్కజొన్న రొట్టె పొగలు కక్కుతోంది. గంగులమ్మ గోరంత తుంచి, తినకుండా వేళ్ల మధ్య నలుపుతోంది. తను మామా అని పిలిచే యజమానురాలు, నూరా తల్లి ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది: పనిమనిషికి హోటల్లో తినిపించారంటే మర్నాడు సొంతూరికి టికెట్ చేతిలో పెట్టడమే. శ్రీలంక వంటమనిషిని అట్లాగే పంపారు. ప్లేటు ఖాళీ అయ్యేదాకా ఆ మాట ఎత్తరు. అందుకే ఆమె ప్లేటును ఖాళీ కానివ్వడం లేదు. బల్ల కింద చెప్పులోంచి కాలు తీస్తోంది, మళ్లీ పెడుతోంది.

నూరా ఫోర్కు పక్కన పెట్టింది. "నీకొకటి చెప్పాల."

గంగులమ్మ లేచి నిలబడింది. "మామా నన్ను పంపించేయమనిందా?"

"ఎక్కడికి? నేను పరీక్ష పాసయినా. మొదట నీతోనే తినాలనుకున్నా."

గంగులమ్మ దబ్బున కూలబడింది, ఈసారి వీపు కుర్చీకి ఆనేలా. "ఆ ముక్క ముందే సెప్తే నీ సొమ్మేం బోయిందే? రొట్టె సల్లారిపాయ! ఇంగోటి తెమ్మను, వేడిగా."