పదకొండో పువ్వు

నేను చదివింది మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి దాకానే. అయినా విన్నిపెగ్‌లో తెలుగు సంఘం మొదలుపెట్టినవాళ్ళలో నేనొకణ్ణి. మూడుసార్లు అధ్యక్షుణ్ణి. బస్సులు తయారుచేసే ఫ్యాక్టరీలో వెల్డర్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. ఈ ఊళ్ళో తిరిగే బస్సుల్లో నా చెయ్యి పడనిది లేదని ఒకప్పుడు గట్టిగానే చెప్పేవాణ్ణి. ఇప్పుడూ చెబుతాను. అయితే, విశ్వనాథంగారూ, మీరు చేసిన పనుల్లో మీకు బాగా నచ్చినదేమిటని ఎవరైనా అడిగితే మాత్రం, స్పందనకి గది చూపించానని చెబుతాను.

అది 2022 సెప్టెంబరు. ఆ ఏడు ఏ విమానం దిగినా చదువులకొచ్చిన పిల్లలే. ఒక్కో బేస్‌మెంట్‌లో నలుగురైదుగురు నేల మీద పరుపులు వేసుకుని సర్దుకుంటున్నారు. స్పందన జగిత్యాల దగ్గరి పల్లెటూరి పిల్ల. సప్లై చైన్ డిప్లొమా చదవడానికి వచ్చింది. మాట్లాడుకున్న గదిని ఓనరు ఆఖరి నిమిషంలో ఇంకెవరికో ఇచ్చేశాడు. నేను చూసేసరికి మా సంఘం హాల్లో సూట్‌కేసు మీద కూర్చుని, తనలాగే గది లేక ఏడుస్తున్న ఇంకో అమ్మాయిని ఓదారుస్తోంది. ఈ పిల్ల ఎక్కడైనా నెగ్గుకొస్తుందని అప్పుడే అనుకున్నాను.

నాకు ఒలీసియా గుర్తొచ్చింది. ఆమె భర్త పెట్రో, నేను ఏళ్ళ తరబడి ఒకే షిఫ్టులో పనిచేశాం. పెట్రో పోయాక నార్త్ ఎండ్ పేటలోని ఇంట్లో ఆవిడ ఒక్కతే ఉంటోంది. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక తల్లిదండ్రులు ఆమెను చంటిపిల్లగా ఎత్తుకుని ఉక్రెయిన్ విడిచి వచ్చారు. అక్క మాత్రం అమ్మమ్మ దగ్గర అక్కడే ఉండిపోయింది. ఆ అక్క మనవడే తరాస్. వాడి సంగతి చెబుతాను.

ఫోన్ చేస్తే ఒలీసియా అడిగింది ఒక్కటే: "పిల్ల తింటుందా, విశ్వా?"

"కారం తింటుంది."

"కారం నా దగ్గర లేదు. కడుపు నిండా పెడతాను, పంపించు."

మేమంతా మాట్లాడుకునేది ఇంగ్లీషే. నేను మన మాటల్లో రాస్తున్నాను.

ఇక్కడి ఉక్రెయిన్ కుటుంబాల్లో నాయనమ్మనీ అమ్మమ్మనీ బాబా అని పిలుస్తారు. వారం తిరక్కుండానే స్పందనకీ ఒలీసియా బాబా అయిపోయింది. జగిత్యాల నుంచి వాళ్ళమ్మ ఫోన్‌లో కంగారుపడిపోయింది. "ఏ బాబా ఇంట్ల ఉంటున్నవే? ఆశ్రమంల చేరినవా ఏంది?" ఒలీసియాని వీడియోలో చూపించి, ముసలమ్మ చేత "నమస్తే అమ్మా" అనిపించాక గానీ ఆ తల్లి ప్రాణం కుదుటపడలేదు.

ప్రతి శుక్రవారం పొద్దున ఉక్రెయిన్ వాళ్ళ హాల్లో వరెనికి చేసేవారు. మైదా పూరీలో బంగాళదుంప ముద్ద పెట్టి, మడిచి, అంచు నొక్కి, నీళ్ళలో ఉడికిస్తారు. అవి అమ్మగా వచ్చినది, యుద్ధం జరుగుతున్న ఉక్రెయిన్‌లోని ఆస్పత్రులకు పంపించేవారు. చేసేవాళ్ళందరూ పెద్దవాళ్ళు, వేళ్ళు వంగనివాళ్ళు. ఒలీసియా వెంట స్పందన వెళ్ళింది. చూడగానే, "అరే, ఇవి మా గరిజెలే!" అని కూర్చుని, కజ్జికాయలకు చేసినట్టు అంచుని తాడులా మెలిపెట్టి పళ్ళెం నింపేసింది. చాలా ముచ్చటగా ఉన్నాయి.

వంటగది పెత్తనమంతా హాన్యాది. రిటైరైన టీచరు. ఒకటి తీసి కళ్ళద్దాల దగ్గర పెట్టుకుని చూసింది.

"నగ చేశావు అమ్మాయీ. ఇది నగ కాదు, ఉడకాలి. అంచు మందమైతే లోపల పచ్చిగా ఉండిపోతుంది."

"మేం నూనెలో వేయిస్తాం ఆంటీ."

"అందుకేనా మీ విశ్వాకి ఆ పొట్ట?"

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేస్తాను! స్పందన ఆ పూటే పల్చటి అంచు నొక్కడం నేర్చుకుంది. నెల తిరిగేసరికి ఆ బల్ల దగ్గర దానంత వేగంగా చేసేవాళ్ళు లేరు. ఆ హాన్యాయే, పిండి మిగిలితే, "ఏదీ, నీ తాడువి నాలుగు చెయ్యి, మనవలకి వేయించి పెడతాను" అని అడిగేది. పొద్దుటి పూట వరెనికి, మధ్యాహ్నం క్లాసులు, సాయంత్రం ఓ గిడ్డంగిలో పార్ట్‌టైమ్ పని. అయినా ఏ సబ్జెక్టూ తప్పలేదు. మా సంఘం తరఫున శాలువా కప్పించింది నేనే.

ఇక తరాస్. పాతికేళ్ళు కూడా నిండనివాడు, యుద్ధానికి వెళ్ళాడు. సిగ్నల్ దొరికినప్పుడల్లా ఆదివారం ఒలీసియాకి వీడియో కాల్ చేసేవాడు. వెనకనుంచి స్పందన కనబడితే "జగిత్యాల్! జగిత్యాల్!" అని అరిచేవాడు. ఆ పేరు వాడికి నోరు తిరిగేది కాదు, అయినా మానేవాడు కాదు. స్పందనేమో "నా ఊరి పేరు పాడుచేస్తున్నడు బాబా" అని ఫిర్యాదు చేసేది. ముసలమ్మకి ఆ ఇద్దరి కొట్లాటే వారమంతటికీ సరిపోయేది.

నవంబరులో కాల్స్ ఆగిపోయాయి. తరాస్ కనబడడం లేదని అక్కడినుంచి కబురొచ్చింది. పోయాడని ఎవరూ చెప్పలేదు, ఉన్నాడనీ చెప్పలేదు.

ఫిబ్రవరిలో యుద్ధానికి ఏడాది నిండింది. పోయినవాళ్ళని తలుచుకోవడానికి హాల్లో సభ పెట్టారు. ఇక్కడి కుటుంబాలు తమవాళ్ళ ఫొటోలకు నల్ల రిబ్బను కట్టి ఒక బల్ల మీద పెట్టాలి. ఇంటికి పది కార్నేషన్ పువ్వులు తేవాలి. తరాస్ ఫొటో కూడా పెట్టమని హాన్యా అడిగింది. మంచి మనసుతోనే అడిగింది. ఆ బల్ల మీద ఆమె తమ్ముడి కొడుకు ఫొటో కూడా ఉంది.

"ఇన్నాళ్ళయింది ఒలీసియా. ప్రార్థన చేస్తే వాడికి చెడు జరగదు కదా."

ఒలీసియా ఫొటో తీసి ఇచ్చేసింది. ఆ రోజునుంచి ఆవిడ ముద్ద సరిగా తినలేదని స్పందన నాకు ఫోన్ చేసి చెప్పింది. "ఇచ్చింది గానీ, ఇయ్యలేదు అంకుల్" అంది. నాకు అర్థమైంది. వాణ్ణి పోయినవాళ్ళలో కలిపే మాట ఆవిడ తన నోటితో అనలేదు, వద్దనీ అనలేకపోయింది.

సభ రోజు ఒలీసియా మోకాలు పట్టేసింది. పువ్వులు తెచ్చే పని స్పందన మీద పడింది. నేను కారు తీసుకెళ్ళి ఇద్దరినీ ఎక్కించుకున్నాను. బయట గడ్డకట్టే చలి. పువ్వులు వాడిపోకుండా స్పందన వాటిని పేపరులో చుట్టి కోటు లోపల, గుండెల దగ్గర పెట్టుకుని కూర్చుంది.

హాల్లో బల్ల మీద ఎర్రదారంతో కుట్టిన తెల్లటి తువ్వాళ్ళు పరిచారు. ఫొటోలు, కొవ్వొత్తులు, ఒక్కో ఫొటో ముందు గాజు గ్లాసులో పువ్వులు. స్పందన తరాస్ ముందు పువ్వులు సర్ది దణ్ణం పెట్టుకుంది. అన్నీ సరిచూసుకుంటూ వచ్చిన హాన్యా అక్కడ ఆగింది. వేలితో లెక్కపెట్టింది.

"పదకొండున్నాయి. పది తెమ్మన్నాను కదా?"

"షాపులో పదే ఇచ్చారు ఆంటీ. ఇంకోటి నేనే కొని కలిపాను. మా ఇళ్ళల్లో సున్నాతో ఆగే లెక్క ఎవరికీ ఇవ్వరు. ఎప్పుడూ ఒకటి కలుపుతారు, అది మర్యాద."

హాన్యా మొహంలో కోపం లేదు. మెల్లగా చెప్పింది. "మా దగ్గర పోయినవాళ్ళకి సరి లెక్క, అమ్మాయీ. బేసి లెక్క బతికున్నవాళ్ళకి ఇస్తాం, పుట్టినరోజులకీ పెళ్ళిళ్ళకీ. ఒకటి తీసెయ్యి."

స్పందన మొహం పాలిపోయింది. "సారీ, సారీ ఆంటీ, నాకు తెలియదు" అంటూ గ్లాసులోకి చెయ్యి పెట్టింది. ఆ చేతి మీద ఇంకో చెయ్యి పడింది. ఒలీసియా. కర్ర పక్కన పారేసి, బల్ల ఆనుకుని నిలబడి ఉంది.

"తియ్యకు."

"ఒలీసియా, అందరూ చూస్తున్నారు," అంది హాన్యా.

"చూడనీ. ఈ పిల్లకి మన పద్ధతి తెలియదు. నాకు తెలుసు. తెలిసే ఉంచుతున్నాను."

హాన్యా తన తమ్ముడి కొడుకు ఫొటో వైపు చూసింది. ఆ తరవాత ఏప్రాన్ జేబులోంచి చిన్న కత్తెర తీసి, తరాస్ ఫొటోకి కట్టిన నల్ల రిబ్బను తనే కత్తిరించింది. ఫొటోని తెచ్చి స్పందన చేతిలో పెట్టింది.

"దీన్ని ఇంటికి తీసుకుపో. గ్లాసు కూడా పట్టుకో, ఒలకబొయ్యకు."

ఆ రోజు చదివిన పేర్లలో తరాస్ పేరు లేదు. పాట మొదలయ్యాక హాన్యా వచ్చి ఒలీసియా పక్కనే కూర్చుంది. తిరిగి వచ్చేటప్పుడు కారులో స్పందన కోటు లోపల పువ్వులకు బదులు ఫొటో ఉంది. ముసలమ్మ వెనక సీట్లోంచి, "ఇంట్లో ఏమైనా తినడానికి ఉందా?" అని అడిగింది. నేను విన్న మంచి ప్రశ్నల్లో అదొకటి.

స్పందన చదువు అయిపోయింది. గిడ్డంగిలోనే ఇప్పుడు సూపర్‌వైజరు. ఇక్కడే స్థిరపడడానికి పీఆర్‌కి అప్లై చేసింది. వేరే ఇల్లు తీసుకోవచ్చు కదా అని నేనే ఒకసారి అడిగాను. "బాబా ఒక్కతే ఎట్లుంటది అంకుల్, మంచిగ అడిగినవ్!" అని నా మీదే లేచింది.

తరాస్ కబురు ఇంకా రాలేదు. వాడి ఫొటో వంటింటి కిటికీలో ఉంది, ముందు అదే గ్లాసులో కొత్త పువ్వులు. మొన్న నేను కాఫీకి వెళ్ళినప్పుడు ఒక పువ్వు వాడిపోయి ఉంది. ఒలీసియా దాన్ని తీసింది. వెంటనే పక్కనున్న తాజా పువ్వు కూడా తీసేసింది. గ్లాసులో సరి లెక్క మిగలనివ్వదు. వాడినది చెత్తబుట్టలో వేసి, తాజాది పట్టుకుని, "ఇలా రా" అని కేకేసింది.

డ్యూటీకి బయలుదేరుతున్న స్పందన వచ్చి వీపు తిప్పి నిలబడింది. ముసలమ్మ ఆ పువ్వుని దాని జడలో గుచ్చి, పడిపోకుండా రెండుసార్లు నొక్కి చూసింది.